ఛీ, ఇక్కడ పెట్టకండి

మా బావకి దేన్ని చూసినా అసహ్యమే. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి కనిపిస్తే మొహం చిట్లిస్తాడు. తీగలు చిక్కుపడి ఉంటే ఎవరో తన చొక్కా మీద ఉమ్మేసినట్టు చూస్తాడు. స్క్రీన్ మీద వేలు ఆనించి "ఇదిగో, ఇక్కడ" అని చూపించే మనిషితో ఆ పూటంతా మాట్లాడడు. ఓసారి ఉండబట్టలేక అడిగాను.

"బావా, ఈ లోకంలో మీకు నచ్చింది ఏదైనా ఉందా?"

"మీ అక్క."

"అబ్బో."

"తను కంప్యూటర్ ముట్టుకోదు," అన్నాడు.

మాది అవయవాలు చేసే ల్యాబు. జబ్బు వల్లో ప్రమాదంలోనో చెవి, ముక్కు, వేలు పోగొట్టుకున్నవాళ్లకి సిలికాన్‌తో కొత్తవి చేసిపెడతాం. ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే గదికీ చెత్తబండ్లు నిలిపే చోటికీ మధ్య మూడు గదులు మా మొహాన కొట్టారు. ఒకవైపు నుంచి సబ్బు ఆవిరి, ఇంకోవైపు నుంచి కుళ్లు కంపు. మధ్యలో కూర్చుని మనుషుల మొహాలు బాగుచేస్తాం. మైనంతో ఆకారం దిద్దడం, చర్మం రంగు కలపడం నా పని. కంప్యూటర్లన్నీ చూసుకోవడం బావ పని. నాకు ఈ ఉద్యోగం ఇప్పించింది కూడా ఆయనే, కాబట్టి ఆయన్ని ఆటపట్టించే హక్కు నాకు ఇంట్లోనూ ఉంది, ఆఫీసులోనూ ఉంది.

ఆయన అతికించే చీటీలన్నీ ఒకే మాటతో మొదలయ్యేవి. స్విచ్ బోర్డు మీద "ఛీ, ఈ ప్లగ్గు పీకకండి." ప్రింటరు మీద "ఛీ, టీ గ్లాసు ఇక్కడ పెట్టకండి." సర్వరున్న సామాన్ల గది తలుపు మీద ఉత్త "ఛీ, చెప్పులు." మొదట్లో చదివి నవ్వుకునేవాళ్లం. కొన్నాళ్లకి నవ్వడం మానేశాం. ఆ తర్వాత చదవడం కూడా మానేశాం.

అసహ్యం విషయంలో నేనూ తక్కువ తినలేదు. కాకపోతే నాది వస్తువుల మీద కాదు, మనుషుల మీద. ముఖ్యంగా మా మేనేజరు మీద. ఆయనకి సెంటు ఎక్కువ, సిగ్గు తక్కువ. వారం వారం మమ్మల్ని వరసగా నిలబెట్టి "మనమంతా ఒకే కుటుంబం" అంటాడు. సెలవు అడిగితే మాత్రం మమ్మల్ని ఎక్కడా చూసిన గుర్తు లేనట్టు మొహం పెడతాడు. ఆ మొహానికి మైనంతో ఎన్ని దిద్దుబాట్లు చేయాలో నేను రోజూ మనసులో లెక్కేసుకుంటూ ఉంటాను.

ఈ గొడవంతా ఒక ఎర్ర చుక్కతో మొదలైంది. అప్‌డేట్ వచ్చిందంటే ప్రతి కంప్యూటర్ మూలనా ఎర్ర చుక్క వెలుగుతుంది. అది కనిపిస్తే మా బావకి అన్నం సయించదు. ముందు ఒక్క మెషీన్ మీద వేసి, అది తిన్నగా లేచిందో లేదో చూసి, ఆ తర్వాతే మిగతావాటి మీద వేయాలి. ఇది ఆయన పెట్టిన నియమమే. ఆ సాయంత్రం మాత్రం ఎటు చూసినా చుక్కలే కనిపించి విసుగెత్తి, అన్నిటి మీదా ఒకేసారి నొక్కేసి ఇంటికెళ్లాడు.

వచ్చింది కెర్నల్ అప్‌డేట్. ఆపరేటింగ్ సిస్టమ్‌కి అడుగున ఉండి డిస్కుకీ, నెట్‌వర్క్‌కీ, స్క్రీన్‌కీ పని చెప్పేది ఆ కెర్నలే. అది మారడమంటే ఇంటికి పునాది మార్చడం. పైన ఏ తలుపు బిగుసుకుంటుందో ముందే ఎవరూ చెప్పలేరు.

పొద్దున్నే నేను వచ్చి నా కంప్యూటర్‌లో పెద్ద ఫోల్డరు నొక్కితే తెరుచుకోలేదు. మేం పెద్ద ఫోల్డరు అనేది సర్వరులో ఉండే ఉమ్మడి ఫోల్డరుని. స్కాన్ గదిలో తీసిన మొహాలన్నీ అందులోకే వస్తాయి. నేను అందులోంచే తీసుకుని దిద్దుతాను, మైనం ప్రింటరు కూడా అందులోంచే తీసుకుని అచ్చు పోస్తుంది. అది తెరుచుకోకపోతే ల్యాబుకి చేతులు పడిపోయినట్టే. ప్రింటరు దగ్గరా అదే ఏడుపు. మేనేజరు వరండాలో అటూ ఇటూ పరుగులు తీస్తూ ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నాడు. బావ తలమీద హెల్మెట్ కూడా తీయకుండా నా కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైంది బావా?"

"కొత్త కెర్నల్‌కి పరువు ఎక్కువైందేమో. మన ముసలి సర్వరుతో మాట్లాడదంట."

కేబుళ్లు పీకి పెట్టాడు. పాస్‌వర్డులు మార్చాడు. సామాన్ల గదిలో జిప్సం బస్తాల మధ్య ఉన్న సర్వరు మూత తీస్తే ఫ్యాను మీద తెల్లటి దుమ్ము మీగడ కట్టినట్టు ఉంది. అది చూసి ఆయన గొంతులోంచి వచ్చిన చప్పుడు నేను ఇంతకుముందు వాంతి చేసుకునేవాళ్ల దగ్గరే విన్నాను. దుమ్ము తుడిచినా ఫలితం లేదు. స్క్రీన్ మీద "అనుమతి లేదు" అనే మాట ఒక్కటే వస్తోంది.

"అబద్ధం. పచ్చి అబద్ధం. ఇది అనుమతి గొడవే కాదు," అని గొణిగాడు. మెషీన్ ఆపి, మళ్లీ ఆన్ చేసేటప్పుడు వచ్చే జాబితాలోంచి పాత కెర్నల్ ఎంచుకున్నాడు. ఫోల్డరు టక్కున తెరుచుకుంది. కొత్త కెర్నల్‌తో లేపితే మళ్లీ మూసుకుంది. దాంతో దొంగ ఎవరో తేలిపోయింది. ఫైళ్లు పంచుకోవడానికి సర్వరుకి పాత పద్ధతి ఒక్కటే వచ్చు. కొత్త కెర్నల్, మనం ప్రత్యేకంగా చెప్తే తప్ప, ఆ పాత పద్ధతిలో పలకరించదు. ఇద్దరూ చెరో మూల మూతులు ముడుచుకుని కూర్చున్నారు. బావ ప్రతి కంప్యూటర్‌లోనూ సర్వరుని కలిపే ఆదేశం చివర "పాత పద్ధతిలోనే మాట్లాడు" అని చెప్పే ముక్క ఒకటి చేర్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి అన్ని గదుల్లోనూ పెద్ద ఫోల్డరు తెరుచుకుంది.

మేనేజరు అందరికీ టీ తెప్పించి, కుటుంబం గురించి చెప్పడం మొదలుపెట్టాడు. నేను టీ గ్లాసుతో సహా నా బల్ల దగ్గరికి జారుకున్నాను. ఆ రోజు నేను మొదలుపెట్టాల్సిన ముక్కు ఒకటుంది.

అది బస్సు స్టేషన్‌లో టికెట్లిచ్చే ఆవిడది. ముక్కుకి పుండు పట్టింది, మొత్తం తీసేయాలన్నారు. ముందు రోజు చర్మం రంగు చూసుకోవడానికి ఆవిణ్ణి నా ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. సాధారణంగా జనం ఈ కుర్చీలో ఏడుస్తారు, లేదా కాస్త సన్నగా చేయండి, కాస్త కోటేరుగా చేయండి అంటారు. ఈవిడ రెండూ చేయలేదు.

"అందంగా ఉండక్కర్లేదమ్మా. నాదే ఉండాలి," అంది. "పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా అద్దం వెనక కూర్చునే పని నాది. జనం చిల్లర తీసుకుని వెళ్లిపోవాలి. ఆగి రెండోసారి నా మొహం కేసి చూడకూడదు. అంతే నాకు కావాల్సింది."

అందుకే ఆపరేషన్‌కి ముందు స్కాన్ తీస్తాం. ఒకసారి ముక్కు తీసేశాక స్కాన్ చేయడానికి అక్కడ ఏముంటుంది? ఆవిణ్ణి ఆ రోజు పొద్దున్నే స్కాన్ గదికి తీసుకొచ్చి, అటునుంచి అటే ఆపరేషన్ థియేటర్‌కి పంపారు. నేను టీ తాగుతూ పెద్ద ఫోల్డరు తెరిచేసరికి ఆవిడ మత్తులో ఉంది. ఫోల్డరులో పాతవాళ్ల చెవులున్నాయి, వేళ్లున్నాయి. ఆవిడ ముక్కు లేదు.

స్కాన్ గది ఆయన్ని మేం నిదానం అని పిలుస్తాం. మాట నిదానం, నడక నిదానం, కీబోర్డు మీద పెట్టుకుని తినడం మరీ నిదానం. బావకి ఆయనంటే ఒళ్లు మంట.

"స్కాన్ తీశానండీ. పెద్ద ఫోల్డరులోనే పెట్టాను," అన్నాడు నిదానం.

"పెడితే ఉండాలి కదా," అన్నాడు బావ.

"పెట్టానండీ."

"బిస్కెట్ నమలడంలో ఉండి మర్చిపోయుంటారు. ఒప్పుకుంటే పోయేదేముంది?"

"పొద్దున బిస్కెట్లు తేలేదండీ."

ఇలా ఎంతసేపు సాగిందో చెప్పలేను. ఇద్దరూ నా బల్ల పక్కన నిలబడి ఒకే మాటని తిప్పి తిప్పి రుబ్బుతున్నారు. బావ ఒక్కసారి స్కాన్ గదికి వెళ్లి చూసినా సరిపోయేది. కానీ ఆ కీబోర్డు ముట్టుకోవాలంటే ఆయనకి రోత. నాకు తల పగిలిపోయేలా ఉంది. అసలు ఫోల్డరు తెరిచినప్పుడు లోపల ఏం కనిపించిందని నిదానాన్ని అడిగాను.

"ఏం లేదు, ఖాళీ. మీ బావగారు పాతవన్నీ సర్దేశారనుకున్నా. ఆయన రాసింది ఒకటుంది, అంతే."

"ఏం రాసుంది?"

"ఎప్పుడూ ఉండేదే కదండీ. ఛీ, ఇక్కడ పెట్టకండి అని. ఫైలు పేరే అలా ఉంది. టీ గ్లాసు పెట్టకండి, చెప్పులు పెట్టకండి, అన్నిచోట్లా అదేగా. ఇదీ అలాంటిదే అనుకుని నా పని నేను చేసుకున్నా."

"ఆ పేరుతో ఫైలు కనిపించిందా మీకు?" అన్నాడు బావ.

ఆ ఫైలు ఆయనే పెట్టాడు, ప్రతి కంప్యూటర్‌లోనూ. పెద్ద ఫోల్డరు అని మాకు కనిపించేది నిజానికి ఆ కంప్యూటర్‌లోనే ఉన్న ఒక ఖాళీ అర. నెట్‌వర్క్ కలిసినప్పుడు సర్వరులోని సామానంతా దాని మీద పరుచుకుంటుంది. అప్పుడు తెరిస్తే కనిపించేది సర్వరే. కలవనప్పుడు ఉత్త అరే మిగులుతుంది, అందులో ఏం పెట్టినా అది సర్వరుకి చేరదు. నేను నొక్కే బొమ్మ సర్వరు కలవకపోతే తెరుచుకోదు, స్కాన్ ప్రోగ్రాం మాత్రం నేరుగా ఆ అరలోకే వెళ్తుంది. అలాంటప్పుడు ఎవరూ పొరపాటున అందులో పెట్టకూడదనే ఆ ఫైలు. నెట్‌వర్క్ బాగున్నంతకాలం అది ఎవరి కంటా పడదు. కనిపించిందంటే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. ఇన్నేళ్లలో ఆయన రాసిన ఛీలన్నిట్లో నిజంగా పనికొచ్చేది అదొక్కటే. దాన్ని చదివి కూడా ఎవరూ పట్టించుకోని స్థితికి మమ్మల్ని తెచ్చింది మిగతావన్నీ.

అంటే ముక్కు ఎక్కడికీ పోలేదు. స్కాన్ గది కంప్యూటర్‌లోనే, ఆ అరలోనే ఉంది. బావ మధ్యాహ్నం నెట్‌వర్క్ బాగుచేసి, తెలియకుండా దానిమీద సర్వరుని తెచ్చి కప్పేశాడు. కప్పేముందు అరలో ఏమైనా ఉందా అని ఒక్కసారి చూడాలి. చూడలేదు. ఇప్పుడైనా సర్వరుని ఒక్క క్షణం పక్కకి తొలగిస్తే చాలు, బయటపడుతుంది.

"పదండి," అన్నాడు బావ. కీబోర్డు సంగతి ఆయనకి అప్పుడు గుర్తులేదు.

స్కాన్ గదిలో, కంప్యూటర్లు బాగుచేసే కాంట్రాక్టు కంపెనీ మనిషి బ్యాగు జిప్పు లాగుతున్నాడు. పొద్దున నెట్‌వర్క్ పోయినప్పుడు మేనేజరు కంగారుపడి ఆయన్ని రమ్మన్నాడట. బాగైన తర్వాత రావద్దని చెప్పడం మర్చిపోయాడు. తీరా మనిషి వచ్చి నిలబడ్డాక, మర్చిపోయానంటే చిన్నతనం కదా. "ఎలాగూ వచ్చారు, ఈ కంప్యూటర్‌లో అంతా తీసేసి కొత్తగా వేసేయండి, మళ్లీ గొడవ రాకుండా ఉంటుంది" అని చెప్పి తన గదిలోకి పోయాడు. ఫైళ్లన్నీ సర్వరులోనే ఉంటాయి కదా అని కూడా ఆయనే భరోసా ఇచ్చాడట.

"అయిపోయింది సార్. శుభ్రంగా తుడిచి కొత్తది వేశాను," అన్నాడు కంపెనీ మనిషి. ఆ శుభ్రంగా అనే మాట వాడటం నేను అప్పట్నుంచీ మానేశాను.

ఆ వారమంతా బావ ఆ డిస్కుని తవ్వాడు. కొత్త సిస్టమ్ దాన్ని చాలామటుకు తిరగరాసేసింది. దొరికిందల్లా ఒక పేలిక. కాస్త నుదురు, ఎడమ కనుబొమ్మ, కంటి కొస. ముక్కు మొదలయ్యేచోట ఫైలు తెగిపోయింది.

ఆవిడకి చెప్పేద్దామని బావ మేనేజరు గదికి వెళ్లాడు. నేనూ వెంట వెళ్లాను.

"చెప్తే ఊరుకుంటుందా? పేపర్లో వేయిస్తుంది," అన్నాడు మేనేజరు. "ఏమ్మా, రికార్డు కోసమని పాత ఫొటోలు తెప్పించు. వాటిని చూసి చేసెయ్. నీ చేతిలో పనితనం ఉంది. ఏమైనా తేడాగా ఉందంటే వాపు తగ్గాక సర్దుకుంటుందని చెప్పు. మన కుటుంబం గుట్టు మనమే కాపాడుకోవాలి."

ఆ గదిలో సెంటు వాసనకి నాకు ఊపిరాడలేదు. తప్పు బావది కూడా. ఇద్దరం తలలూపి బయటికొచ్చాం. వరండాలో ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు.

ఆవిడ పంపిన ఫొటోలు కాసిని. ఒకదాంట్లో నవ్వుతూ చెయ్యి అడ్డం పెట్టుకుంది, ఇంకోదాంట్లో ఎండకి మొహం పక్కకి తిప్పింది, మిగతావి గుర్తింపు కార్డుల కోసం తీసినవి. వాటిల్లో ఎవరికైనా ముక్కు ఒకేలా చదునుగా ఉంటుంది. గాయం మానేదాకా ఆవిడ వస్తూ పోతూ ఉంది. నేను కొలతలు తీసుకుంటూ, ఆవిడ కళ్లలోకి చూడకుండా వాతావరణం గురించి మాట్లాడేదాన్ని. మైనం దిద్దుతుంటే నా వేళ్ల మీద నాకే ఏవగింపు పుట్టేది.

ఒకరోజు అక్క ఫోన్ చేసింది.

"మీ బావకేమైందే? పెట్టింది తింటున్నారు. ఉప్పు ఎక్కువైందనరు, గిన్నె జిడ్డుగా ఉందనరు. నిన్న పక్కింటి పిల్లాడు వచ్చి ఫోన్ స్క్రీన్ మీద జాం వేళ్లు పెడితే చూస్తూ ఊరుకున్నారు. నాకు భయంగా ఉంది."

ఆఫీసులో పని ఎక్కువైందని చెప్పాను. మేనేజరు దగ్గర నేర్చుకున్న విద్య ఇంటిదాకా వచ్చింది.

తీరా ముక్కు పెట్టే రోజు వచ్చింది. జిగురు రాసి, అంచులు నొక్కి, కనుబొమ్మల మధ్య రంగు కలిపి, చేతికి అద్దం ఇచ్చాను. ఆవిడ చాలాసేపు చూసుకుంది. ఈ వైపు తిరిగి చూసుకుంది, ఆ వైపు తిరిగి చూసుకుంది.

"బాగుందమ్మా," అంది. "ఎవరిదిది?"

"మీదేనండీ."

"కాదులే. నాది ఇక్కడ కొంచెం పక్కకి ఒరుగుతుంది. ఇది బుద్ధిగా ఉంది."

వాపు తగ్గాక సర్దుకుంటుందన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడు వెనక నుంచి బావ గొంతు వినిపించింది. తలుపు దగ్గర ఎప్పుడొచ్చి నిలబడ్డాడో చూడలేదు.

"వాపేం లేదండీ. మీ ముక్కు మా దగ్గర పోయింది. నేనే పోగొట్టాను."

అంతా చెప్పాడు, మొదటి నుంచీ. ఎర్ర చుక్క దగ్గర మొదలుపెట్టి, తను చూడకుండా నొక్కిన సంగతి, ఖాళీ అర సంగతి, దాన్ని చూడకుండా కప్పేసిన సంగతి, ఆ పైన డిస్కు తుడిచేసిన సంగతి. నిదానం మాట ఎత్తలేదు. మేనేజరు మాటా ఎత్తలేదు. ఆవిడ అద్దం ఒళ్లో బోర్లా పెట్టుకుని వింది. కెర్నల్ అంటే ఏమిటో ఆవిడకి అర్థమైందో లేదో తెలియదు. ఆవిడ అడిగింది వేరే.

"ఎప్పుడు పోయింది?"

"మీ ఆపరేషన్ రోజునే."

"అప్పట్నుంచీ తెలుసా మీకు?"

"తెలుసండీ."

"నీకూ తెలుసామ్మా?"

తెలుసన్నాను.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆవిడ తలుపు వైపు తిరిగి, గొంతు ఏమీ పెంచకుండా, "చిన్నీ, ఒకసారి లోపలికి రా," అని పిలిచింది.

వరండాలో బెంచీ మీద కూర్చున్న ఒకావిడ సంచీ సర్దుకుంటూ లోపలికొచ్చింది. వయసు అటూ ఇటుగా ఈవిడదే. మొహం గుండ్రంగా, రంగు కాస్త చామనగా, ఈవిడకి పోలిక ఏమీ లేదు. ముక్కు తప్ప. నడుమ చిన్న గడ్డలా లేచి, కొస దగ్గర ఎడమవైపుకి ఒరిగిన ముక్కు. ఫొటోల్లో నేను వెతికి వెతికి పట్టుకోలేకపోయిన ఒంపు ఊపిరి పీలుస్తూ నా ఎదురుగా నిలబడింది.

"మా చెల్లెలు," అంది ఆవిడ. "మా ఇద్దరికీ నాన్న ముక్కే వచ్చింది. నేను ఇక్కడికి వచ్చినప్పుడల్లా తీసుకొచ్చింది ఇదే. ఆ బెంచీ మీదే కూర్చునేది."

స్కాన్ లేకుండా వచ్చిన మనిషిని మా పనిలో మొట్టమొదట అడిగే ప్రశ్న, మీ ఇంట్లో మీ పోలిక ఎవరికైనా ఉందా అని. పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. అది అడగాలంటే స్కాన్ పోయిందని చెప్పాలి. అందుకని అడగలేదు. అడగకపోగా, ఆవిడ తరఫు వాళ్లెవరైనా ఏమైనా అడుగుతారేమోనని, తేలు కుట్టిన దొంగల్లా తలలు వంచుకుని ఆ బెంచీ ముందు నుంచే ఇన్నాళ్లూ తిరిగాం.

ఆవిడ నేను పెట్టిన ముక్కుని అంచు దగ్గర పట్టుకుని మెల్లగా ఊడదీసి నా అరచేతిలో పెట్టింది. లేచి, జరిగింది రెండు మాటల్లో చెప్పి చెల్లెల్ని కుర్చీలో కూర్చోబెట్టింది. బావ స్కానరు తేవడానికి వెళ్లాడు.

చెల్లెలికి విషయం అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. నా చేతిలో ఉన్నదాని కేసి చూసింది, తర్వాత నా మొహం కేసి చూసింది. కుర్చీని నా నుంచి కొంచెం దూరంగా జరుపుకుని కూర్చుంది.